‘ఆటిజం కాదు’ అన్నారు, మరి ఏమిటి?

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దని కోరారు కనుక వెయ్యడం లేదు. పాపను గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని తీసేశాను. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె కూతురికి ఎనిమిదేళ్ళు నిండాయి, మూడో తరగతి చదువుతోంది. తెలుగు, ఇంగ్లిషు పుస్తకాలు రెండూ గడగడా చదువుతుంది కానీ, బోర్డు మీద ఉన్నది నోటుబుక్కులోకి ఎక్కించేసరికి పీరియడ్ అయిపోతుంది. బడిలో ఎవరి జోలికీ పోదు, పెద్దగా నోరు విప్పదు. ‘మీ పాపతో మాకు ఏ ఇబ్బందీ లేదు’ అని టీచర్లు మెచ్చుకుంటారు. ఇంటికి వచ్చాక మాత్రం గుమ్మంలోనే బూట్లు, యూనిఫాం విడిచేసి, అమ్మ పాత చున్నీ ఒకటి పట్టుకుని డైనింగ్ టేబుల్ కిందకు దూరి అరగంట, ఒక్కోసారి గంట అక్కడే ఉండిపోతుంది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే గొంతు చించుకుని అరుస్తుంది. సాక్సుల కుట్టు వేళ్ళకు తగులుతుందని తిరగేసి వేసుకుంటుంది. పెరుగన్నంలో తాలింపు ఆవగింజ ఒక్కటి కనిపించినా డబ్బా మూసేస్తుంది. కిందటి వినాయక చవితికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డీజే పెట్టినప్పుడు వాంతి చేసుకుంది. ఉన్న ఒక్క స్నేహితురాలు వేరే సెక్షన్‌కు మారితే వారం రోజులు బడికి పోనంది. ఒకరోజు మాట వినడం లేదని నాయనమ్మ ‘తోలు తీస్తా’ అని కసిరితే, రెండు రాత్రులు నిద్రపోకుండా ‘తోలు తీస్తే రక్తం వస్తుందా అమ్మా, మళ్ళీ మొలుస్తుందా’ అని అడిగిందట. చిన్నప్పటి నుంచి జలుబు, గురక ఎక్కువని మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం ఉంది.

పిల్లల డాక్టర్ సలహా మీద, దసరా సెలవుల్లో, ఒక ప్రైవేటు సెంటర్‌లో 18 వేల రూపాయలు కట్టి అసెస్‌మెంట్ చేయించారు. ఒక్క పూట, రెండు గంటల పైచిలుకు పట్టింది. పాప సైకాలజిస్ట్‌తో కళ్ళలోకి చూస్తూ చక్కగా మాట్లాడింది. తల్లిదండ్రులను అడిగే ప్రశ్నలకు ఎక్కువగా భర్త జవాబులు చెప్పారు. బడికి పంపిన ఫారం అన్ని గడుల్లోనూ ‘లేదు’ అన్న టిక్కులతో తిరిగొచ్చింది. వారం తర్వాత వచ్చిన రిపోర్ట్‌లో ఐసా (ఆటిజాన్ని కొలిచే స్కేలు) స్కోరు 64, ఐక్యూ 103, ఆటిజం లక్షణాలు కనిపించలేదు అని ఉంది. భర్త ఊపిరి పీల్చుకున్నారు. ఈమె బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చారు, అది సంతోషంతో కాదని తనకే తెలిసి సిగ్గుపడ్డారు. ‘లేదని చెప్పించుకోవడానికి 18 వేలు అయ్యాయి, ఇప్పుడు ఉందని చెప్పించుకోవడానికి తిరుగుతావా’ అని భర్త, ‘ఫోన్‌లో చదివి లేని జబ్బు పిల్లకు అంటగడుతున్నావు’ అని అత్తగారు అంటున్నారు. అసెస్‌మెంట్ నుంచి ఆటోలో తిరిగి వస్తూ పాప ‘నేను పాసయ్యానా’ అని అడిగిందని, ఇంతవరకు తనకు జవాబు చెప్పలేదని చివరి పేజీలో రాశారు. రిపోర్ట్‌ను నమ్మి ఊరుకోవాలా, ఇంకోచోట చూపించాలా, లేక తన పెంపకంలోనే లోపం ఉందా అన్నవి ఆమె ప్రశ్నలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. బిడ్డకు జబ్బు ఉండాలన్న కోరిక అందులో ఎక్కడా నాకు కనిపించలేదు. సాయంత్రం నాలుగు గంటలకు టేబుల్ కింద ఏం జరుగుతోందో రెండేళ్ళుగా చూస్తున్న మనిషి, దానికి ఒక పేరు దొరికితే ఏం చెయ్యాలో తెలుస్తుందని ఆశపడింది. ఆ పేరు కాదని చెప్పినవాళ్ళు మరో పేరు చెప్పకుండా పంపేశారు. దారి చూపిస్తుందనుకున్న బోర్డును ఎవరో పీకేసినట్లు అనిపించినప్పుడు ఏడుపు రావడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీవారికి ఊపిరి తిరిగొచ్చింది, మీకు ఊపిరాడలేదు. నా ఉద్దేశంలో ఆ రెండూ బిడ్డ గురించిన ఒకే భయం నుంచి పుట్టినవే.

ఒక మాట ముందే చెప్పాలి. నేను పాపను చూడలేదు. ఉత్తరం చదివి ఆటిజం ఉందనో లేదనో తేల్చే వాళ్ళను నమ్మవద్దు, నాతో సహా. అయితే మీరు జతచేసిన రిపోర్ట్ నకలును జాగ్రత్తగా చదివాను కనుక, అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది, దేనికి చెప్పలేదు అన్నది మాత్రం వివరించగలను.

ఆటిజాన్ని రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేల్చరు. పిల్లలను చూసి, పెద్దలను అడిగి, ఆ సమాచారాన్ని కొన్ని ప్రమాణాలతో పోల్చి నిర్ణయిస్తారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతలను నిర్ధారించే ప్రమాణాలున్న అమెరికా గ్రంథం) ప్రకారం ఇతరులతో ఇచ్చిపుచ్చుకునే మాటలో, సైగలు, చూపు, ముఖకవళికల వాడకంలో, స్నేహాలు చేసుకుని నిలబెట్టుకోవడంలో, ఈ మూడింటిలోనూ ఇబ్బంది కనిపించాలి. దానితోపాటు చేసిందే చేయడం, మార్పును భరించలేకపోవడం, ఒకే విషయం మీద విపరీతమైన ఆసక్తి, శబ్దం, స్పర్శ వంటివాటికి అతిగానో తక్కువగానో స్పందించడం అనే నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. మీ ఉత్తరంలోని సాక్సులు, ఆవగింజ, డీజే ఈ రెండో కోవలోకి వస్తాయి; కానీ మొదటి కోవలో మూడూ తేలనిదే, రెండో కోవలో ఎన్ని ఉన్నా ఆ పేరు పెట్టరు. అంటే ‘ఆటిజం కాదు’ అన్న నిర్ధారణ పూర్తిగా సరైనదే అయివుండి, అదే సమయంలో మీ పాప కష్టం కూడా పూర్తిగా నిజమే అయివుండవచ్చు. ఈ రెండింటిలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అన్నట్లుగా మీ ఇంట్లో వాదన నడుస్తోంది, చిక్కంతా అక్కడే పడింది.

ఇక అంకెలు. ఐసా అంటే ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. దాన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో. అందులో 40 అంశాలు ఉంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు వేస్తారు. కనుక ఏ లక్షణమూ లేని బిడ్డకు కూడా 40 వస్తుంది. 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్లు, 70 నుంచి 106 వరకు స్వల్పం. మీరు 64ను నూటికి 64 అనుకుని ‘ఇంత ఎక్కువ వచ్చి లేదంటారేమిటి’ అని రాశారు, అది పొరపాటు. కానీ ఆ 64 నలభైకి ఆనుకుని కూడా లేదు. ఆ అంశాల్లో వేటికి మూడేసి, నాలుగేసి పడ్డాయో విడిగా అడిగి తెలుసుకోవడం అవసరం. మీ చేతికిచ్చిన రిపోర్ట్‌లో మొత్తం ఒక్కటే ఉంది. మాటలు బాగా వచ్చి, తెలివితేటలు మెండుగా ఉన్న పిల్లల్లో ఇబ్బంది పైకి తేలకుండా ఉన్నప్పుడు ఇలాంటి స్కేలు ఒక్కదానితోనే తేల్చడం కష్టం.

నన్ను ఆపింది మాత్రం ఆ స్కోరు కాదు, రిపోర్ట్ మూడో పేజీలోని చిన్న పట్టిక. ఐక్యూ 103 అని పెద్దక్షరాల్లో వేసి, దాని కింద భాషా గ్రహణం 121, పని వేగం 82 అని చిన్నగా వేశారు. ఈ పరీక్షలో సగటు 100. 121 అంటే వందమంది పిల్లల్లో సుమారు 92 మంది కంటే పైన. 82 అంటే సుమారు 12 మంది కంటే మాత్రమే పైన. ఒకే బిడ్డలో ఇంత ఎడం ఉన్నప్పుడు ఈ రెండింటినీ మిగతా భాగాలతో కలిపి తీసిన 103 ఆ బిడ్డ గురించి చెప్పేది తక్కువ, దాచేది ఎక్కువ. మాట్లాడితే పెద్దవాళ్ళలా మాట్లాడే పిల్ల, రాతకు వచ్చేసరికి చాలామంది కంటే వెనకబడుతుంది. టీచరు అది చూసి బద్ధకం అనుకుంటుంది, పిల్ల తనకు చేతకాదనుకుంటుంది. బోర్డు మీద పాఠం ఎక్కించలేకపోవడం గురించి మీరు రాసిన పేరాకు ఈ పట్టిక సరిగ్గా సరిపోతోంది. ఈ తేడా గురించి రిపోర్ట్ చివర ఒక్క వాక్యం కూడా లేకపోవడమే ఆ అసెస్‌మెంట్‌లో నాకు కనిపించిన అసలు లోపం. ఆటిజం ఉందా అని అడిగారు, లేదని చెప్పారు, ఫైలు మూశారు.

అసెస్‌మెంట్ ఆటిజాన్ని చూడలేకపోయి ఉండవచ్చా? ఉండవచ్చు. అది జరిగింది దసరా సెలవుల్లో, పది రోజులుగా బడి, బస్సు, గంట, గోల ఏవీ లేని పిల్లను, ఏసీ గదిలో, ఓపికగా మాట్లాడే ఒకే ఒక్క పెద్దమనిషి ముందు కూర్చోబెట్టి. అసలు కష్టం వచ్చేచోటు అది కాదు. డీఎస్ఎం-5 కూడా, లక్షణాలు చిన్నతనం నుంచి ఉన్నా చుట్టూ ఉన్న ప్రపంచం బిడ్డ శక్తికి మించి అడిగేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చని, నేర్చుకున్న పద్ధతులతో కప్పబడి ఉండవచ్చని స్పష్టంగా చెబుతోంది. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువగా జరుగుతుందని, అందుకే వారిలో నిర్ధారణ ఆలస్యమవుతోందని ఈ రంగంలో పనిచేసేవారు ఒప్పుకుంటారు. పక్క పిల్లను చూసి ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు కళ్ళలోకి చూడాలో కంఠతా పట్టి ఒప్పజెప్పినట్లు బడంతా నెట్టుకొచ్చి, ఇంటికొచ్చి కూలబడతారు. మీ పాప ‘నేను పాసయ్యానా’ అని అడగడం నాకు అందుకే గుచ్చుకుంది. ఆ గదిలో తాను పరీక్ష రాస్తున్నానని తనకు తెలుసు. కానీ దీన్ని పట్టుకుని ‘చూశారా, దాచింది’ అని తేల్చేయకండి. మన ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లలు ఎవరైనా బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే అది పరీక్షే అనుకుంటారు.

ఆటిజం కాకుండా మరేదైనా అయివుండవచ్చా? అది కూడా అంతే సాధ్యం. ఏకాగ్రత లోపం ఉన్న ఏడీహెచ్‌డీలో పిల్లలు గెంతుతూ ఉంటారనుకుంటాం, కానీ ఆడపిల్లల్లో అది తరచు నిశ్శబ్దంగా, పని పూర్తికాకపోవడంగా కనిపిస్తుంది. చేతిరాతకు సంబంధించిన అభ్యసన లోపం, లేదా చేతివేళ్ళ కదలికల సమన్వయంలో ఇబ్బంది ఉన్నా ఎక్కించడం ఇలాగే నెమ్మదిస్తుంది. ఆందోళన ఎక్కువగా ఉండే పిల్లలు బడిలో నోరు విప్పరు, స్నేహితురాలు దూరమైతే తట్టుకోలేరు, శబ్దాలకు ఉలిక్కిపడతారు. ఇవి ఒకదానితో ఒకటి కలిసి కూడా వస్తాయి. డీఎస్ఎం-5 రావడానికి ముందు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే బిడ్డకు రాయడానికి వీలుండేది కాదు, ఇప్పుడు రాస్తున్నారు. ‘సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్’ అని కొన్ని సెంటర్లు రాసి ఇస్తాయి కానీ డీఎస్ఎం-5లో ఆ పేరుతో విడిగా ఒక రుగ్మత లేదు. శబ్దం, స్పర్శ ఇబ్బంది పెట్టడం నిజమే, అది ఎందువల్ల అన్నది వేరే తేల్చాలి.

మీరు నడుస్తూ నడుస్తూ జారవిడిచినట్లు రాసిన గురక గురించి ఇప్పుడు అడుగుతాను. ఎప్పుడూ జలుబు, నోరు తెరిచి నిద్ర, గురక ఉన్న పిల్లల్లో ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే కణజాలం పెరిగి ఉండవచ్చు. దానివల్ల రాత్రి నిద్ర ముక్కలవుతుంది, పగలు ఏకాగ్రత తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది. కొందరిలో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి ఒకరోజు బాగుండి ఒకరోజు తగ్గుతుంది. రద్దీగా ఉండే తరగతిలో టీచరు మాట సగమే వినపడే పిల్ల మౌనంగా ఉండక ఏం చేస్తుంది? సాక్సుల కుట్టుకు ఇది కారణం కాకపోవచ్చు. అయినా ఈఎన్‌టీ డాక్టర్‌కు ఒకసారి చూపించి, వినికిడి పరీక్ష, కంటి పరీక్ష చేయించడం మీరు చేయబోయే అన్ని పనుల్లోకీ ఖర్చు తక్కువది, వాదన అవసరం లేనిది. మీవారు కూడా కాదనరు. ఇది ముందు చేయించండి.

తర్వాత మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి.

అన్నిటికంటే దగ్గరి దారి ఆ సైకాలజిస్ట్ దగ్గరకే తిరిగి వెళ్ళడం. గొడవకు కాదు, రిపోర్ట్ చదివి చెప్పమని అడగడానికి. ఐసాలో ఏ అంశాలకు ఎక్కువ పడ్డాయి, 121కీ 82కీ మధ్య తేడాకు మీ అభిప్రాయం ఏమిటి, ఇది ఆటిజం కాకపోతే దేనిని పరిశీలించాలి, ఎంతకాలం తర్వాత మళ్ళీ చూడటం మంచిది అని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆమె మంచి సైకాలజిస్ట్ అయితే ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది. సెలవుల్లో చూశామన్న సంగతి, బడి ఫారంలో అన్నీ ఒకే రకం టిక్కులు పడిన సంగతి గుర్తుచేస్తే తన నిర్ణయాన్ని తానే తాత్కాలికం అని సవరించవచ్చు. చిరాకుపడి ‘రిపోర్ట్‌లో ఉన్నదే’ అంటే, ఇక అక్కడ దొరికేది ఏమీ లేదని మీకు తెలుస్తుంది, పోయేది ఒక పూట.

రెండోది, మరొకరి అభిప్రాయం తీసుకోవడం. దీనికి వెళ్తే మరో సెంటర్‌కు, మరో స్కేలుకు వెళ్ళకండి. పిల్లల ఎదుగుదలను చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ దగ్గరకో, పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరకో, వీలైతే సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (చేతిరాత వంటి రోజువారీ పనుల్లో సాయపడేవారు) కలిసి చూసే చోటుకో వెళ్ళండి. ప్రభుత్వ రంగంలో రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, పైన చెప్పిన మనోవికాస్ నగర్ జాతీయ సంస్థ ఉన్నాయి. నిరీక్షణకు సిద్ధపడాలి, ఖర్చు మాత్రం ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ప్రైవేటుకు వెళ్ళేటట్లయితే ఆ క్లినికల్ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, నంబరు అడగడం తప్పు కాదు. ఐక్యూ పరీక్షను కొద్ది నెలల్లోనే మళ్ళీ పెడితే పిల్లలకు అలవాటై అంకెలు పెరుగుతాయి కనుక పాత రిపోర్ట్‌ను దాచకుండా చూపించండి. ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది, దాచను. కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన ఎన్ని చైల్డ్ డెవలప్‌మెంట్ బోర్డులు ఉన్నాయో మీకు తెలియంది కాదు. గుమ్మం ఎక్కిన ప్రతి బిడ్డకూ ఏదో ఒకటి ఉందని చెప్పి, ఆరునెలల థెరపీ ప్యాకేజీకి డబ్బు ముందే కట్టించుకునే చోట్లు కూడా వాటిలో ఉంటాయి. మొదటి రోజే ప్యాకేజీ మాట ఎత్తితే లేచి రండి. ‘ఉంది’ అనేదాకా తిరగడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట తప్పక అంటారు. అప్పుడు దాన్ని మీరు కూడా నమ్మలేరు.

మూడో దారి, పేరు వెతకడం ఒక సంవత్సరం పక్కనపెట్టి కష్టానికి నేరుగా సాయం చేయడం. పాపకు ఈ రోజు కావలసినవాటిలో చాలావాటికి నిర్ధారణ అవసరమే లేదు. బోర్డు మీది పాఠాన్ని ఫోటో తీసి పంపమని, లేదా పక్క పిల్ల నోటు నుంచి ఎక్కించుకోనిమ్మని టీచర్‌ను అడగడానికి సర్టిఫికెట్ ఎందుకు? మూడో తరగతిలో ఇది ఒక మంచి సంభాషణతో అయ్యే పని. సాయంత్రం ఆ గంట ఎవరూ పలకరించకుండా, ట్యూషన్ పెట్టకుండా వదిలేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు; టేబుల్ కింద ఆ చున్నీతో తను తనకు తెలిసిన వైద్యం చేసుకుంటోంది, దాన్ని మాన్పించాలని చూడకండి. చేతిరాత కోసం ఆక్యుపేషనల్ థెరపిస్ట్ సాయం తీసుకోవచ్చు. ఈ దారిలో నష్టం ఏమిటంటే, సంవత్సరం అన్నది మూడు సంవత్సరాలవుతుంది. ఇల్లు కాస్త కుదుటపడగానే అందరం మరిచిపోతాం, ఆరో తరగతిలో సబ్జెక్టుకొక టీచరు, కొత్త సెక్షన్, పెద్ద సిలబస్ వచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఈ దారి ఎంచుకుంటే తారీఖు ఇప్పుడే వేసుకోండి: వచ్చే ఏడాది బడి తెరిచాక రెండు నెలలకు, సెలవుల్లో కాకుండా, మళ్ళీ చూపిస్తాం అని.

నాలుగోది రిపోర్ట్‌ను బీరువాలో పెట్టి ఊరుకోవడం. మీవారు కోరుతున్నది ఇదే. కొందరు పిల్లలు వయసుతోపాటు సర్దుకుంటారు, ఆ మాట అబద్ధం కాదు. కానీ మీ పాప ఇప్పుడు సర్దుకుంటున్న తీరుకే రోజుకు అరగంట, గంట టేబుల్ కింద ఖర్చవుతోంది. పైగా మీరు చూసినదాన్ని చూడలేదనుకుని బతకడం మీవల్ల కాదని ఆరు పేజీల ఉత్తరమే చెబుతోంది.

నన్ను అడిగితే, మొదటిదీ మూడోదీ కలిపి పట్టుకుని, రెండోదానికి తారీఖు వేసుకోమంటాను. అయితే మీరు పాపతో ఉండేది ఇరవైనాలుగు గంటలు, నేను చదివింది ఆరు పేజీలు. తను బడికి పోనని మొండికేయడం పెరిగినా, తిండి తగ్గినా, తనను తాను గిల్లుకోవడం, కొట్టుకోవడం వంటివి కనిపించినా తారీఖు కోసం ఆగకుండా పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్ళండి.

పేరు ఉంటే ఒరిగేది ఏమీ లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజంతోపాటు అభ్యసన లోపాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు సీబీఎస్ఈ 10, 12 తరగతుల పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికారులే తప్ప ప్రైవేటు సెంటర్ కాదు. అభ్యసన లోపాన్ని ఎనిమిదేళ్ళ వయసు నుంచే నిర్ధారిస్తారు కనుక, ఆ కోణంలో పరీక్షించడానికి పాపకు ఇప్పుడే సమయం వచ్చింది. మొన్నటి రిపోర్ట్‌లో ఆ పరీక్ష చేసిన జాడ లేదు. సైకాలజిస్ట్ దగ్గరకు తిరిగి వెళ్ళినప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో దీన్ని మొదట రాసుకోండి.

ఎవరి దగ్గరకు వెళ్ళినా మీ మాటకు బలం మీ నోటుబుక్కు ఇస్తుంది. బడి జరుగుతున్న రోజుల్లో రెండు వారాలపాటు రోజూ నాలుగు ముక్కలు రాయండి: ఎన్నింటికి వచ్చింది, టేబుల్ కింద ఎంతసేపు ఉంది, ఆ రోజు బడిలో మామూలు కానిది ఏం జరిగింది, రాత్రి నిద్ర ఎలా పట్టింది. ‘ఎప్పుడూ ఇంతే డాక్టర్’ అనే తల్లి మాట కంటే ‘మంగళవారం పీటీ పీరియడ్ రద్దయింది, ఆ రోజు 70 నిమిషాలు’ అన్న వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. ఆ పని వారంలో ఒకటి రెండు రోజులు మీవారికి అప్పగించండి. వీడియోలు డాక్టర్లకు ఉపయోగపడతాయి కానీ, తను కూలబడి ఉన్నప్పుడు ముఖం మీదకు ఫోన్ పెట్టవద్దు. తీసినవి కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి అసలే పోనివ్వవద్దు. బడికి మళ్ళీ ఫారం పంపే అవసరం వస్తే, క్లాస్ టీచర్‌ను కలిసి, ‘పాప అల్లరి చేస్తుందా’ అని కాకుండా ‘భోజనం గంటలో ఎవరి పక్కన కూర్చుంటుంది, గుంపు పని ఇస్తే ఏం చేస్తుంది’ అని అడగండి. టీచరు నిజాయితీగానే ‘ఇబ్బంది లేదు’ అని రాసింది; తనకు ఇబ్బంది లేదు మరి.

పెంపకం సంగతికి వస్తే, ఆ ప్రశ్న మీకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 1950, 60 దశకాల్లో పెద్ద పెద్ద వైద్యులే ఆటిజానికి తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమని రాశారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది, మన ఇళ్ళలో మాత్రం ఇంకా తిరుగుతోంది. సాక్సుల కుట్టు గుచ్చుకోవడం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

మీవారితో ఆటిజం అన్న మాట ఎత్తకుండా కొన్నాళ్ళు మాట్లాడి చూడండి. ‘ఉంది, లేదు’ అన్న పందెంలో ఆయన దగ్గర కాగితం ఉంది, మీ దగ్గర లేదు, ఓడిపోతారు. ‘ఆటిజం లేదన్నారు, ఒప్పుకున్నాను. రోజూ సాయంత్రం అలా ఎందుకు అవుతోందో మనిద్దరం కలిసి కనుక్కుందామా’ అంటే ఆయన కాదనడానికి ఏముంది? ఒక వారం ఆయన్ను నాలుగింటికి ఇంట్లో ఉండమనండి. బహుశా ఆయన ఆ గంటను ఎన్నడూ పూర్తిగా చూసి ఉండరు.

అత్తగారికి జబ్బుల పేర్లు వద్దు. ‘మీరన్నది అన్నట్లే జరుగుతుందని పాప నమ్ముతుందండీ, తోలు తీస్తానంటే నిజంగా తీస్తారనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు’ అని ఆ ఒక్క సంగతీ చెప్పండి. ఏ నాయనమ్మా అది విని మళ్ళీ అనదు. అలాగే ‘తొందరగా రా’, ‘బుద్ధిగా ఉండు’ వంటివాటి బదులు ఎన్ని నిమిషాల్లో, ఎక్కడ, ఏం చెయ్యాలో చెప్పడం ఇంట్లో అందరూ అలవాటు చేసుకుంటే గొడవలు సగం తగ్గవచ్చు.

పాప ఆటోలో అడిగినదానికి ఇంకా జవాబు బాకీ ఉన్నారు. ఇన్ని రోజులైనా తను మరిచిపోయి ఉండదు. టేబుల్ కింద నుంచి వచ్చి, ఏదైనా తిని, స్థిమితపడ్డాక, పక్కన కూర్చుని ఉన్నదున్నట్లు చెప్పండి: అది పరీక్ష కాదు, అందులో పాసూ ఫెయిలూ లేవు, బడి నుంచి వచ్చాక నీకు అంత కష్టంగా ఎందుకు ఉంటుందో తెలుసుకోవడానికి వెళ్ళాం, ఆ రోజు పూర్తిగా తెలియలేదు. చదవడం ఇష్టమన్నారు కనుక ఇదే ఒక చిన్న కాగితం మీద రాసిచ్చినా బాగుంటుంది, మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంది. కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలి, బడిలో నీకు నచ్చనివి ఇక్కడ రాయమనండి. ఎంత నెమ్మదిగా రాసినా తొందరపెట్టకండి. డాక్టర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు, తను సరేనంటే, ఆ కాగితం కూడా పట్టుకువెళ్ళండి.